డాలినార్ మాట తప్పాడా, నిలబెట్టుకున్నాడా? (పుస్తకం పూర్తిగా చదివినవాళ్లకు మాత్రమే)

గోదారిగట్టు:

బ్రాండన్ శాండర్సన్ ఫాంటసీ నవలల వరస స్టార్మ్‌లైట్ ఆర్కైవ్‌లో అయిదో పుస్తకం ‘విండ్ అండ్ ట్రూత్’ చివరి పేజీ వరకూ చదవనివాళ్లు దయచేసి ఇక్కడితో ఆగిపోండి. ముగింపంతా కింద విప్పి పెడుతున్నాను.

పుస్తకం 2024 డిసెంబరు 6న వచ్చింది. నేను మొన్న బుధవారం రాత్రి పూర్తిచేశాను. 1,300 పేజీలు దాటిన పుస్తకం, పొద్దున్నే ఇంటర్ పిల్లలకు లెక్కల క్లాసు, ఇంట్లో అయిదేళ్ల పిల్లాడు. వాడు నిద్రపోయాక దొరికే ముప్పావుగంటే నాది. కథలో పది రోజులు గడిచేసరికి నాకు పది నెలలు గడిచాయి. అన్నాళ్లూ ఎవరి సమీక్షా చదవలేదు. యూట్యూబులో శాండర్సన్ మొహం కనపడితే చాలు, వేలితో పైకి తోసేసేదాన్ని. ఇప్పుడేమో మాట్లాడాలని ఉంది, చుట్టుపక్కల ఇది చదివినవాళ్లు ఒక్కరు లేరు.

మొదటి పుస్తకం నేను చదివింది 2012లో, విశాఖలో ఎమ్మెస్సీ చేస్తుండగా. హాస్టల్లో మా రూమ్మేట్ వదిలేసి వెళ్లిన కాపీ, అట్ట ఊడిపోయి ఉండేది. నాలుగోది ‘రిథమ్ ఆఫ్ వార్’ 2020 నవంబరులో వచ్చేనాటికి మా బాబుకి మూడో నెల. వాణ్ణి ఒళ్లో వేసుకుని ఓ చేత్తో ఫోను పట్టుకుని చదివాను. ఆ కథలో ముఖ్యులైన కలాడిన్, డాలినార్, షల్లాన్ నాకు పెళ్లికి ముందునుంచీ తెలిసినవాళ్లు. వాళ్లకు ఏమైందో ఎవరికైనా చెప్పుకోకపోతే నాకు తోచడంలేదు.

నచ్చినవి చాలా ఉన్నాయి. అజీమిర్ నగరంలో డాలినార్ కొడుకు అడోలిన్ కథ నా దృష్టిలో ఈ పుస్తకానికే వెన్నెముక. ఒకపక్క కోట కూలిపోతోంది, ఇంకోపక్క అడోలిన్ ఆ కుర్ర చక్రవర్తి యానగాన్‌తో కూర్చుని ఆట ఆడుతూ యుద్ధం నేర్పుతుంటాడు. ఆ పేజీలు రెండేసిసార్లు చదివాను. ఆధ్యాత్మిక లోకంలో డాలినార్, ఆయన భార్య నవాని తిరిగిన భాగం మాత్రం సాగింది. రెండు వందల పేజీలు తీసేసినా కథకు లోటు రాదు. దాని గురించి తగాదా పెట్టుకునే ఓపిక లేదు. నా బాధంతా ముగింపు గురించే.

పదో రోజు. శత్రుదేవుడు ఓడియంతో కుదిరిన ఒప్పందం ప్రకారం ద్వంద్వయుద్ధానికి, ఉరితిరు అనే గోపురనగరం కొనమీద డాలినార్ నిలబడి ఉన్నాడు. ఓడియం తరఫున దిగే యోధుడు ఎవరా అని నాలుగో పుస్తకం నుంచీ లెక్కలు వేస్తున్నాను. కలాడిన్‌కి ద్రోహం చేసిన మోవాష్ అనే అనుకున్నాను. వచ్చింది గావ్.

గావ్ అంటే ఎల్హోకార్ కొడుకు, డాలినార్‌కి అన్న మనవడు. కత్తి పట్టుకుంటానని మారాం చేస్తూ తాత వెనకాలే తిరిగిన అయిదేళ్ల పిల్లాడు. కాలం మనలా నడవని ఆ ఆధ్యాత్మిక లోకంలో ఇప్పుడు ఓడియం శక్తిని పట్టుకుని ఉన్న టారవాంజియన్ వాణ్ణి దాచేసి, ‘మీ తాత నిన్ను వదిలేసి పోయాడు’ అని నూరిపోసి, ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి చేసి తెచ్చి నిలబెట్టాడు. వాణ్ణి చంపితే డాలినార్ గెలుస్తాడు, ఓడియం వెయ్యేళ్లు కట్టుబడి ఉంటాడు. వాడి చేతిలో ఓడితే డాలినార్ ఓడియంకి బంటు.

అక్కడ ఫోను బోర్లించేశాను. మావాడు పక్కనే, కాలు నా పొట్టమీద వేసుకుని పడుకున్నాడు. ఆ సాయంత్రం సైకిలు నేర్చుకుంటూ మడమ గీరుకుపోయింది, మా అత్తగారు పసుపు పెట్టారు. ఆ పసుపు నా నైటీకి అంటుకుంది. ఆ మడమ పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. వాణ్ణి ఎవరైనా ఎత్తుకుపోయి, పదిహేనేళ్లు నా మీద విషం పోసి పెంచి, నా ఎదురుగా తెచ్చి నిలబెడితే? ‘చంపు, లోకం బాగుపడుతుంది’ అంటే?

డాలినార్ చంపలేదు. ఓడనూ లేదు. ప్రమాణాలకు దేవుడైన ఆనర్ శక్తిని అప్పటికే అందుకున్న మనిషి, ఆ శక్తినీ, తను పలికిన ప్రమాణాలన్నిటినీ అక్కడికక్కడే వదిలేశాడు. ఒప్పందం విరిగిపోయింది. ఆనర్ పోయి టారవాంజియన్ చేతిలోనే పడింది, రెండు శక్తులూ కలిసి ఒకటయ్యాయి. డాలినార్ చచ్చిపోయాడు.

నేను అడగాలనుకున్నది ఇది. మనం పెరిగింది ఆవు, పులి కథతో. అమలాపురం దగ్గర మా తాతగారి ఊళ్లో వేసవి రాత్రుళ్లు మడతమంచం మీద పడుకుని ఆయన ఆ కథ చెబుతుంటే, ఆవు దూడకు చివరిసారి పాలిచ్చి బుద్ధులు చెప్పేచోట నాకు ప్రతిసారీ ఏడుపొచ్చేది. పాలిచ్చి వస్తానని పులికి మాటిచ్చింది, వచ్చింది. అది భోజరాజీయంలోదనీ, రాసింది అనంతామాత్యుడనీ తర్వాత బళ్లో చదువుకున్నాను. ఆడినమాట తప్పకూడదన్నది నా ఎముకల్లోకి ఎక్కింది ఆ మంచం మీదే.

మా ఇంట్లో ఆ కథ నిజంగా జరిగింది కూడా. మా నాన్న ఒక స్నేహితుడి అప్పుకి హామీ సంతకం పెట్టారు. ఆయన ఊరొదిలి వెళ్లిపోయాడు. చట్టప్రకారం తప్పించుకునే దారులున్నాయని ప్లీడరుగారు చెప్పినా నాన్న వినలేదు. ‘సంతకం నాది’ అన్నారు. పదకొండేళ్లు కట్టారు. అర ఎకరం కొబ్బరితోట పోయింది, అమ్మ నల్లపూసలు తప్ప మిగతా బంగారం పోయింది. నేను పీహెచ్‌డీ మానేసి ఉద్యోగంలో చేరాను. ఊళ్లో ఇప్పటికీ నాన్నని చూస్తే లేచి నిలబడతారు. నాకు గర్వమే. ఆ గర్వం మీదే నేను ఇన్నేళ్లూ నిలబడి ఉన్నాను.

అందుకే నేను డాలినార్ మనిషిని. తాగుబోతు, తన చేత్తో నగరం తగలబెట్టి అందులో కట్టుకున్న భార్యనే పోగొట్టుకున్నవాడు, ఒక్కో ప్రమాణం పట్టుకుని మనిషయ్యాడు. నాలుగు పుస్తకాలు నాకు అదే చెప్పాయి. అయిదో పుస్తకం చివర్న ఆయన చేతే ప్రమాణాలు వదిలించేశారు. పుస్తకం మూశాక ఏడ్చాను, అది దుఃఖమో కోపమో తెలియలేదు. ఆయన మాట తప్పాడా? లేక నాకు అర్థంకాని పద్ధతిలో నిలబెట్టుకున్నాడా? మీకేమనిపించిందో చెప్పండి.


ఓరుగల్లు_పాఠకుడు:

అక్కా, నేను చదివి పదకొండు నెలలైంది, నాకు ఇంక కోపం పోలేదు. మాట తప్పిండు. అంతే.

ఆ ఒప్పందం ఊకె రాసుకున్నది కాదు. నాలుగో పుస్తకంల ఒక్కో షరతు కూసొని రాసుకున్నరు. దాని మీద నమ్మకంతోనే అందరు పది రోజులు పాణం పెట్టి కొట్లాడిన్రు. అడోలిన్ కాలు పోగొట్టుకున్నడు. కలాడిన్ దోస్తు సిగ్జిల్ తన ప్రమాణాలు తానే ఇడిచిపెట్టుకోవాల్సొచ్చింది. నవాని బిడ్డ జస్నా థేలెన్ సిటీల వాదనకు కూసుంటే, ఆమె నమ్ముకున్న సిద్ధాంతంతోనే ఆమెను ఓడగొట్టిండు ఆ ముసలోడు టారవాంజియన్. ఇంతమంది ఇంత పోగొట్టుకున్నంక పైన నిలబడ్డాయన ‘ఇగ ఈ ఆట నేనాడ’ అంటే ఎట్ల?

తర్వాత ఏమైందో చూడున్రి. డాలినార్‌కు తోడున్న తుపాను ఆత్మ స్టార్మ్‌ఫాదర్ లేడు. వాళ్ల శక్తులకు ఆధారమైన తుపాను కాంతి లేదు. లోకమంతా చీకటి. ఉరితిరు మూతపడ్డది, నవాని నిద్రలకు పోయింది. ఒక్క పిలగాణ్ణి కాపాడిండు, మంచిదే, నేను కూడ గావ్‌ను చంపలేకపోదును. కని లక్షల పిలగాండ్లకు వెలుగు లేకుంట జేసిండు గద. వాళ్లనెవలన్న అడిగిన్రా?

ఇంకొక్క మాట. మీ నాయిన కత చదివినంక నా కోపం ఇంక పెరిగింది. మీ నాయిన తప్పించుకునే దారి ఉండి గూడ తప్పించుకోలే. అసువంటి మనుషుల కోసమే గదా ఈ పుస్తకాలు. నాకు డాలినార్ కంటే మీ నాయిననే పెద్దగ కనిపిస్తున్నడు. నేను పీజీ చదువుతున్న, చిన్నోణ్ణి, తప్పుగ మాట్లాడితే ఏమనుకోకున్రి.


పండితులమ్మాయి:

నేను దీన్ని చదవలేదండీ, విన్నాను. మైకేల్ క్రేమర్, కేట్ రీడింగ్ ఇద్దరూ చదివిన ఆడియో, అరవై గంటలు దాటింది. మెల్‌బోర్న్‌లో ఆఫీసుకి పోనూ రానూ కార్లో వింటూ మూడు నెలలు. గావ్ ముసుగు తీసేచోటికి ఆఫీసు పార్కింగ్‌లో ఉన్నాను. ఇంజన్ ఆపి అలాగే కూర్చుండిపోయాను, ఆ రోజు మొదటి మీటింగుకి వెళ్లలేదు.

మీరు ఆవు, పులి కథ చెప్పారు కాబట్టి నాకు తట్టినది చెబుతాను. మా నాన్నగారు తెలుగు పండితులు. ఆయన బళ్లో ఎంతమంది పిల్లలకు చెప్పారో తెలియదుగానీ ఇంట్లో నాకు నోటికి పట్టించిన మొదటి పద్యం ‘కుప్పించి ఎగసిన’. పోతనగారి భాగవతం, ప్రథమ స్కంధం, భీష్ముడు అంపశయ్య మీద ఉండి చేసే స్తుతి. చిన్నప్పుడు ఆ నడక కోసం, ఆ ఉరుకు కోసం పాడేదాన్ని. అందులో ఏం జరుగుతోందో పెద్దయ్యాకే ఆలోచించాను.

యుద్ధంలో ఆయుధం పట్టనని కృష్ణుడు మాటిచ్చాడు. ఆ మాట తప్పి, చక్రం పట్టుకుని, రథంమీంచి దూకాడు. ‘నన్ను నగుబాటు చేయకు, ఆగు’ అని అర్జునుడు కాళ్లు పట్టుకుని వెనక్కి లాగుతున్నా ఆగకుండా భీష్ముడి మీదికి వస్తున్నాడు. పద్యం మొత్తం మాట తప్పిన దేవుడి బొమ్మ. కుండలాల కాంతి ఆకాశమంతా కప్పేసింది, కడుపులో ఉన్న లోకాల బరువుకి భూమి అదిరింది, పైనున్న పచ్చని పటం జారిపోతోంది. ఒక దేవుడు వ్రతం తప్పుతుంటే అంత అందంగా చూపించినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని నాకు సందేహం.

అసలు విషయం, ఆ పద్యం ఎవరి నోట వచ్చింది? భీష్ముడి నోట. తండ్రి కోసం ఇచ్చిన మాట జీవితమంతా పట్టుకుని కూర్చున్నవాడు. రాజ్యం వద్దన్నాడు, పెళ్లి వద్దన్నాడు, సింహాసనం మీద ఎవరుంటే వాళ్లని కాచాలన్నాడు. నిండుసభలో కోడలి జుట్టు పట్టి ఈడ్చినా లేవలేదు. మాటకు భీష్ముడిని మించినవాడు లేడు. ఆ మనిషి ప్రాణం పోయే వేళ కళ్లముందు నిలుపుకున్నది తనలాంటి వాణ్ణి కాదు. మాట వదిలేసి తనవైపు పరిగెత్తుకొచ్చిన వాణ్ణి. ‘దేవుండు దిక్కు నాకు’ అంటాడు.

ఆనర్ అన్న శక్తి నాకు భీష్ముడిలా కనిపించింది. దానికి మాట ఉందా లేదా అన్నదే తప్ప, ఆ మాట కింద నలిగే మనిషి కనపడడు. ఒక పసివాడి మెడ మీద కత్తి పెట్టి ‘ఒప్పందం ప్రకారం నరకాల్సిందే’ అంటుంది. డాలినార్ దాన్ని మోయడానికి ఒప్పుకోలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. రెండు శక్తులు ఒకడి చేతిలో పడ్డాయంటే మిగతా దేవుళ్లు ఊరుకోరని ఆయనకు తెలుసు. టారవాంజియన్ ఇక ఈ కథ జరిగే రోషార్ లోకం మీద కూర్చుని తీరిగ్గా ఎత్తులు వేయలేడు, వీపు చూసుకోవాలి. ఓరుగల్లు తమ్ముడూ, ఆట మానేయడం కాదమ్మా అది. బల్లనే ఎత్తి ఇంకో ఇంట్లో పెట్టాడు.


మంటాడ:

నేను కలాడిన్ మనిషిని, ఆ వైపునుంచి రెండు మాటలు.

విశాఖలో మానసిక రోగుల వార్డులో నర్సుగా తొమ్మిదేళ్లనుంచి చేస్తున్నాను. కలాడిన్, ఒకప్పటి హంతకుడు జెథ్ కలిసి షినోవార్ దేశం దారిలో మాట్లాడుకునే మాటలు మరీ ఇప్పటి క్లినిక్కు భాషలా ఉన్నాయని చాలామంది గొడవపడ్డారు. నాకూ రెండుమూడు చోట్ల చెవికి గుచ్చుకుంది. తుపానుల లోకంలో ‘థెరపిస్టు’ అన్న మాట వినపడకూడదు. కానీ మాటలు పక్కనపెట్టి పని చూడండి. ఎదుటివాడు విసుక్కుంటున్నా, తిట్టినా, కలాడిన్ పొయ్యి వెలిగించి కూర వండి పెడతాడు. మా వార్డులో నెలల తరబడి నోరు విప్పని ఒకాయన మొదటిసారి మాట్లాడింది ‘పప్పులో ఉప్పు తక్కువైంది’ అని. ఆ రోజు మేమంతా టీ తాగి పండగ చేసుకున్నాం. అందుకని ఆ కూరగిన్నె దగ్గర నేను ఆగిపోయాను.

మీ ప్రశ్నకు నా జవాబు కలాడిన్ అయిదో ప్రమాణంలో ఉంది. నాలుగు పుస్తకాలపాటు అందరినీ కాపాడతానని ఒట్లు పెట్టుకుని ముక్కలైపోయిన మనిషి, చివరికి తనను తాను కూడా కాపాడుకుంటానని, అప్పుడే ఇతరులను కాపాడగలనని అంటాడు. నా డ్యూటీలో అలా అరిగిపోయినవాళ్లను రోజూ చూస్తాను, మంచాల మీదా, మంచాల పక్కన కుర్చీల్లోనూ. మీ నాన్నగారిని ఒక్కమాట కూడా అనను. పదకొండేళ్లు ఆ మాట మోసినవాళ్లు మీ ఇంట్లో ఎంతమంది అన్నది మాత్రం నాకు అడగాలనిపించింది.


గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. నాలుగు రోజులు జవాబు రాయలేదు, యూనిట్ టెస్టు పేపర్లు దిద్దాల్సి వచ్చింది, అది ఒక కారణం. మంటాడ గారి చివరి వాక్యం రెండో కారణం.

పండితులమ్మాయి గారూ, ఆ పద్యం నాకూ వచ్చు. ఘంటసాల గొంతులో వందసార్లు విని ఉంటాను. అది మాట తప్పే పద్యమని ఒక్కసారి కూడా తట్టలేదు. మీ జవాబు చదివాక వంటింట్లో గిన్నెలు కడుగుతూ పాడుకున్నాను, ‘మరల దిగువ’ దగ్గర గొంతు పట్టేసింది.

తమ్ముడూ, నువ్వు తప్పేమీ మాట్లాడలేదు. నీ కోపంలో ఒక మాట నాకు గట్టిగా తగిలింది, ‘వాళ్లనెవలన్న అడిగిన్రా’ అని. దాని గురించే ఇది రాస్తున్నాను.

ఆదివారం అమ్మకు ఫోన్ చేశాను. డాలినార్ ఎవరో చెప్పి, కథంతా చెప్పాను. అమ్మ ఓపిగ్గా వింది. పిల్లాణ్ణి చంపలేదని చెబితే ‘ఎట్టా చంపుతాడే’ అంది. తర్వాత నాన్న సంతకం సంగతి ఎత్తాను. ఇరవై ఏళ్లలో మేమిద్దరం దాని గురించి మాట్లాడుకున్నది లేదు. కాసేపు ఏమీ అనలేదు, వెనకాల కుక్కరు కూత వినపడింది. అప్పుడు అంది: ‘మీ నాన్న మాట నిలబెట్టుకున్నాడు, నేను కాదనను. సంతకం పెట్టేటప్పుడు నన్ను అడగలేదు. కట్టేటప్పుడూ అడగలేదు. అడిగితే కట్టమనే అనేదాన్ని.’

ఆ చివరి మాట విని నాకు నోట మాట రాలేదు.

ఇప్పుడు నేను ఎక్కడున్నానంటే, డాలినార్ గావ్‌ను చంపకపోవడం సరైనదే. ఒట్టు కోసం ఆ పని చేసి ఉంటే నాలుగు పుస్తకాల్లో ఆయన మనిషైందంతా ఆ ఒక్క దెబ్బతో పోయేది. ఆ విషయంలో ఇక నాకు సందేహం లేదు. ఆయన మీద నాకు మిగిలిన కోపం వేరే. అంత పెద్ద నిర్ణయం ఒంటరిగా తీసుకున్నాడు. ఆ ఇంటివాళ్లెవరినీ అడగలేదు. కొడుకుతో మనసువిప్పి మాట్లాడకుండానే వెళ్లిపోయాడు. అడోలిన్ ఒట్లంటేనే గిట్టనివాడు, ‘నేను ఒట్టు పెట్టను, మాటిస్తాను’ అనే మనిషి. ఆ రెండింటికీ తేడా తండ్రికంటే ముందు కొడుక్కే తెలిసింది. ఆ ఇద్దరూ ఒక్క పూట ఎదురెదురుగా కూర్చుని ఉంటే ఎంత బాగుండేదో. అజీమిర్ శిథిలాల్లో ఒంటికాలితో ఉన్నవాడికి తండ్రి పోయాడన్న కబురు చేరినచోట నాకు నిజంగా ఏడుపొచ్చింది. బుధవారం రాత్రి వచ్చిన ఏడుపు దానిదేనని ఇప్పుడు అర్థమవుతోంది.

మంటాడ గారూ, మీరడిగిన లెక్క చెబుతాను. ముగ్గురం మోశాం. నాన్న, అమ్మ, నేను.

ఆరో పుస్తకానికి ఇంకా ఏళ్లు పడుతుంది, ముందు మిస్ట్‌బోర్న్ కథలు రాస్తానని ఆయనే చెప్పారు కదా. అప్పటికి మావాడు పెద్ద క్లాసుల్లో ఉంటాడు, కావాలంటే వాడే చదువుకుంటాడు. నేను మాత్రం మూడోది ‘ఓత్‌బ్రింగర్’ మళ్లీ మొదలుపెడుతున్నాను, డాలినార్ పాత రోజులున్న పుస్తకం. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి, రోజుకి రెండు అధ్యాయాల చొప్పున. ఎవరైనా కలిసి చదువుతారా?


ఓరుగల్లు_పాఠకుడు:

నేనుంట అక్కా. కోపం మాత్రం ఇంక అట్లనే ఉన్నది, చదువుకుంట కొట్లాడుదాం.


పండితులమ్మాయి:

మీ తొమ్మిదిన్నరకి ఇక్కడ అర్ధరాత్రి దాటిపోతుందండీ. ఆదివారం పొద్దున లేచి మీ ఇద్దరినీ అందుకుంటాను.